నాణెం చేతికి వచ్చిన రోజే రాయాలి: ప్రపంచ నాణేలను సేకరించడం, వాటి గురించి రాయడం

నాణేల సేకరణ మొదలుపెట్టేవారిలో చాలామంది ముందుగా ఆల్బమ్ కొంటారు. నా ఉద్దేశంలో ముందు కొనవలసినది గట్టి అట్ట ఉన్న ఒక నోటు పుస్తకం. నాణెం వందేళ్లు డబ్బాలో పడి ఉన్నా దాని మీది అక్షరాలు చాలావరకు అలాగే ఉంటాయి. కాని అది ఎక్కడ దొరికింది, ఎవరి ద్వారా వచ్చింది, దానితో పాటు ఇంకే నాణేలు ఉన్నాయి అన్న సంగతులు ఆరు నెలలు తిరగకుండానే మన జ్ఞాపకంలోంచి జారిపోతాయి, ఆ తరువాత వాటిని ఏ కేటలాగూ మనకు తిరిగి చెప్పలేదు. సేకరణ మొదలుపెట్టిన తొలి మూడేళ్లు నేను ఏమీ రాసుకోలేదు. ఆనాటి నాణేలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి, కాని వాటి గురించి నేను చెప్పగలిగినది ఎవరైనా చెప్పగలిగినంతే. అందువల్ల ఈ వ్యాసంలో సేకరణ వేరు, రచన వేరు అని విడదీయకుండా, రెండింటినీ ఒకే పనిగా వివరిస్తాను.

ఏమి సేకరించాలి

దేశానికి ఒక నాణెం చొప్పున పోగుచేయడం అందరూ మొదట చేసే పని, అందులో తప్పేమీ లేదు. అయితే కొంతకాలానికి అది సంఖ్యను పెంచుకునే పనిగా మారిపోతుంది, రాయడానికి ఏమీ మిగలదు. నాణేలను ఒక ప్రశ్న చుట్టూ పోగుచేస్తే ప్రతి కొత్త నాణెం పాత నాణేలకు ఏదో ఒక జవాబు చెబుతుంది. యుద్ధం వచ్చినప్పుడు నాణెంలోని లోహం ఎందుకు మారుతుంది అన్న ప్రశ్నే తీసుకోండి. యుద్ధ అవసరాలకు రాగి కావలసి వచ్చి అమెరికా 1943లో ఒక సెంటు నాణేన్ని జింకు పూత పూసిన ఉక్కుతో ముద్రించింది. నికెల్‌ను ఆదా చేయడానికి 1942 నుంచి 1945 వరకు అయిదు సెంట్ల నాణెంలో 35 శాతం వెండి కలిపి, ఆ తేడా తెలిసేలా నాణెం మీది భవనం బొమ్మ పైభాగాన, ఏ టంకశాలలో ముద్రించారో తెలిపే అక్షరాన్ని పెద్దదిగా వేసింది. బ్రిటన్ తన వెండి నాణేలలో 92.5 శాతంగా ఉన్న వెండిని 1920లో 50 శాతానికి తగ్గించి, 1947లో వెండిని పూర్తిగా తీసేసి రాగి, నికెల్ మిశ్రమానికి మారింది. ఈ నాణేలన్నీ కలిపినా ఒక్క పేజీ నిండదు, కాని ఆ పేజీ మీద ఒక మంచి వ్యాసం రాయవచ్చు.

నాకు బాగా నచ్చిన మరో అంశం 1865లో ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండ్ కలిసి ఏర్పరచుకున్న లాటిన్ ద్రవ్య కూటమి. గ్రీసు 1868లో అందులో చేరింది. ఈ దేశాల అయిదు ఫ్రాంకులు, అయిదు లీరాలు, అయిదు డ్రాక్మాల వెండి నాణేలు అన్నీ 25 గ్రాముల బరువు, 37 మిల్లీమీటర్ల వ్యాసం, 90 శాతం వెండి అన్న ఒకే కొలతకు కట్టుబడి ఉండేవి. వేర్వేరు రాజుల ముఖాలు, వేర్వేరు లిపులు ఉన్న నాణేలను ఒకదాని మీద ఒకటి దొంతిగా పేర్చినప్పుడు అంచులు కచ్చితంగా కలవడం స్వయంగా చూసినవారికి, యూరో కంటే 130 ఏళ్లకు ముందే యూరప్‌లో ఇలాంటి ప్రయత్నం జరిగిందని వేరే చెప్పనక్కరలేదు.

చదవడం

కావలసిన పనిముట్లు తక్కువే. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాములో నూరో వంతు వరకు తూచే చిన్న ఎలక్ట్రానిక్ తూకం, నాణెం మీద గీతలు పడకుండా దాని వెడల్పు, మందం కొలిచే ప్లాస్టిక్ వర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం, బల్ల మీద పరచడానికి మెత్తని గుడ్డ ఉంటే చాలు. నాణేన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోవాలి, ఎందుకంటే వేలి చెమట రాగి మీద కొద్ది వారాల్లోనే మచ్చగా తేలుతుంది.

కేటలాగు తెరవక ముందే నాణేన్ని చూడాలన్నది నేను గట్టిగా చెప్పదలచిన మాట. కేటలాగులో ముందు చదివితే, అక్కడ ఉన్నదే మనకు నాణెం మీద కనిపిస్తుంది, లేనిది కనిపించదు. బొమ్మ వైపు ఏముంది, బొరుసు వైపు ఏముంది, అక్షరాలు ఎక్కడ మొదలై ఎటు తిరుగుతున్నాయి, అంచు నున్నగా ఉందా, గాట్లు ఉన్నాయా, లేక దాని మీద కూడా అక్షరాలు ఉన్నాయా అన్నవి ముందు రాసుకోవాలి. అంచును చూడడం చాలామంది మరచిపోతారు. 1983 నాటి బ్రిటిష్ పౌండు నాణెం అంచు మీద ‘డెకుస్ ఎట్ టుటామెన్’ అని లాటిన్‌లో ఉంటుంది, అంటే ‘అలంకారం, రక్షణ’ అని అర్థం. అంచు కత్తిరించి లోహం కాజేసేవారి నుంచి నాణేన్ని కాపాడేందుకు పదిహేడో శతాబ్దంలోనే అక్కడి వెండి నాణేల మీద వేసిన మాట అది.

రెండు వైపుల బొమ్మలు ఒకదానికొకటి ఏ దిశలో ఉన్నాయో కూడా గమనించాలి. బొమ్మ నిటారుగా ఉండేలా నాణేన్ని పైన ఒక వేలు, కింద ఒక వేలు పెట్టి పట్టుకుని, వేళ్లు కదపకుండా పక్కకు తిప్పండి. వెనుక బొమ్మ కూడా నిటారుగా కనిపిస్తే అది యూరో, బ్రిటిష్ నాణేల పద్ధతి. తలకిందులుగా కనిపిస్తే అది అమెరికా నాణేల పద్ధతి. ఒక దేశపు నాణెం ఆ దేశపు అలవాటుకు భిన్నంగా తిరిగితే అక్కడ ఆగి ఆలోచించాలి. అది అచ్చు పొరపాటు కావచ్చు, నకిలీ కావచ్చు.

దేశం పేరు చదవడంలో తొలి రోజుల్లో అందరికీ చిక్కు ఎదురవుతుంది, ఎందుకంటే నాణేల మీద దేశాలు తమను తాము పిలుచుకునే పేర్లే ఉంటాయి. హెల్వెటియా అంటే స్విట్జర్లాండ్, సుఓమి అంటే ఫిన్లాండ్, మాగ్యార్ అన్న మాట ఉంటే హంగరీ, హ్ర్వాట్స్కా అంటే క్రొయేషియా, ష్కిపెరీ అంటే అల్బేనియా. చతురస్రాకారపు చిల్లు ఉన్న పాత చైనా నాణేల మీద దేశం పేరు ఉండదు; నాలుగు అక్షరాలను సాధారణంగా పైన, కింద, కుడి, ఎడమ వరుసలో చదవాలి. క్రీ.శ. 621లో టాంగ్ వంశం తెచ్చిన ‘కైయువాన్ టోంగ్‌బావో’ నాణెం ఆ తరువాతి వాటికి నమూనా అయింది. అవి అచ్చుతో కొట్టినవి కావు, పోత పోసినవి, కాబట్టి వాటి ఉపరితలం కొంత గరుకుగా ఉండడం లోపం కాదు.

సంవత్సరాల లెక్క

నాణెం మీది సంవత్సరమే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. థాయిలాండ్ నాణెం మీద 2500 అని ఉంటే అది బౌద్ధ శకం. అందులోంచి 543 తీసేస్తే 1957 వస్తుంది. నేపాల్ నాణేల మీది విక్రమ సంవత్సరం నుంచి 57 తీసేయాలి. జపాన్ నాణేల మీద చక్రవర్తి పాలనా యుగం పేరు, ఆ యుగంలో ఎన్నో ఏడు అన్న సంఖ్య ఉంటాయి: షోవా యుగం 1926లో మొదలైంది కనుక షోవా 39 అంటే 1964. ఇరాన్ నాణేల మీద సౌర హిజ్రీ సంవత్సరానికి 621 కలిపితే చాలు, కాని 1976 నుంచి 1978 వరకు అక్కడి ప్రభుత్వం పురాతన పర్షియా చక్రవర్తి సైరస్ కాలం నుంచి లెక్కించే మరో శకాన్ని వాడింది, అందువల్ల ఆ కొద్ది కాలపు నాణేల మీద 2535, 2536, 2537 అన్న సంఖ్యలు కనిపిస్తాయి. నాణెం మీది అంకెలు చూసి ఆశ్చర్యపోయి పక్కన పెట్టేసిన ఇలాంటివాటి వెనుకే చరిత్ర ఎక్కువగా దాగి ఉంటుంది.

అరబిక్ అంకెలు చదవడం ఒక గంటలో నేర్చుకోవచ్చు. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది అయిదు, చిన్న చుక్కగా కనిపించేది సున్నా అన్న రెండు విషయాలు మొదట పట్టుబడితే సగం తప్పులు తగ్గిపోతాయి. లిపి కుడి నుంచి ఎడమకు సాగినా అంకెలను ఎడమ నుంచి కుడికే చదవాలి. చాంద్రమాన హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులే కనుక, ఆ సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం ఇంచుమించుగా తెలుస్తుంది. ఒట్టోమన్ తుర్కీ సామ్రాజ్యపు నాణేల విషయంలో మరో మెలిక ఉంది: వాటి మీది పెద్ద సంవత్సరం సుల్తాను గద్దెనెక్కిన సంవత్సరం, అది ఆయన పాలన ముగిసేదాకా మారదు. ఇంకోచోట విడిగా ఉన్న చిన్న అంకె, పాలనలో అది ఎన్నో ఏడో చెబుతుంది. అయిదో మెహ్మద్ నాణెం మీద 1327, విడిగా 4 ఉంటే, 1327కు 4 కలిపి ఒకటి తీసేసి 1330 అని తెలుసుకోవాలి. అంటే సుమారు 1912. చిన్న అంకెను చూడనివారు ఆయన నాణేలన్నింటినీ 1909 నాటివిగా రాసేస్తారు.

ఒక నాణేన్ని దగ్గరగా చూస్తే

మరియా థెరీసా థాలర్ అన్న ఆస్ట్రియా వెండి నాణేన్ని ఎంచుకుంటున్నాను, ఎందుకంటే సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మకూడదని ఇంతకంటే బాగా నేర్పిన నాణెం నాకు మరొకటి తారసపడలేదు. నోటు పుస్తకంలోకి ఎక్కించక ముందు వాడే కార్డు మీద నేను మొదట రాసుకున్నది ఇది: “బొమ్మ వైపు కుడివైపుకు తిరిగిన నడివయసు స్త్రీ, తల మీద మేలిముసుగు, భుజం దగ్గర ముత్యాలు పొదిగిన పిన్ను, కింద ‘ఎస్.ఎఫ్.’ అన్న రెండు అక్షరాలు. బొరుసు వైపు రెండు తలల గద్ద, దాని మీద కిరీటం, చుట్టూ ఉన్న అక్షరాల చివర 1780. అంచు మీద ‘యుస్టీషియా ఎట్ క్లెమెంటియా’. బరువు 28.05 గ్రాములు. అయస్కాంతానికి అంటుకోలేదు.” ఇందులో ఒక్క మాట కూడా పుస్తకంలోంచి తీసుకున్నది కాదు.

తరువాత చదివి తెలుసుకున్నది కార్డు వెనుక రాశాను. ఆస్ట్రియాను పాలించిన రాణి మరియా థెరీసా 1780 నవంబరు 29న మరణించింది. ఎస్.ఎఫ్. అన్నవి గుంజ్‌బుర్గ్ టంకశాల అధికారులు షోబ్ల్, ఫాబీల పేర్లలోని మొదటి అక్షరాలు. అంచు మీది మాటలకు ‘న్యాయంతో, దయతో’ అని అర్థం, అది ఆమె ఆదర్శ వాక్యం. నాణెం నియమిత బరువు 28.0668 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 833 పాళ్లు. ఎర్ర సముద్రం చుట్టుపక్కల, ఇథియోపియాలో, అరేబియాలో వర్తకులు ఈ నాణేన్ని తప్ప వేరేదాన్ని నమ్మకపోవడంతో రాణి మరణించిన తరువాత కూడా 1780 అన్న సంవత్సరంతోనే దీన్ని ముద్రిస్తూ వచ్చారు. వియన్నాలోనే కాక రోమ్‌లో, లండన్‌లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయిలో కూడా ఇది తయారైంది. పిన్ను మీది ముత్యాలు, గద్ద తోక ఈకలు, అక్షరాల మధ్య చుక్కలు ఒక్కో టంకశాలలో ఒక్కో రకంగా ఉండడం వల్ల నిపుణులు వాటిని బట్టే ఏది ఎక్కడిదో గుర్తిస్తారు. అంటే, మొదటి రోజు కార్డు మీద ఈకల గురించి రాసుకోకపోతే నాణేన్ని మళ్లీ బయటికి తీయవలసిందే. నేను అలాగే తీశాను.

నకిలీలు

అయస్కాంతం మొదటి వడపోత. 1943 నాటి అమెరికా సెంటు రాగి రంగులో కనిపిస్తే, ఉక్కుకు బదులు పొరపాటున రాగితో ముద్రించిన అరుదైన నాణెం దొరికిందని సంబరపడక ముందు అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకుంటే అది రాగి పూత పూసిన మామూలు ఉక్కు సెంటు. పోత నకిలీల అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలంలో గాలి బుడగల గుంటలు భూతద్దంలో కనిపిస్తాయి.

వెండి నాణేలకు సాంద్రత పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. ముందు నాణేన్ని తూచి బరువు రాసుకోండి. తరువాత తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి అంకెను సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, కాని గిన్నె అడుగుకు, పక్కలకు తగలకుండా వేలాడదీయండి. నాణేనికి అంటుకున్న గాలి బుడగలను మెల్లగా కదిపి పోగొట్టాలి. అప్పుడు తూకం చూపే అంకెతో నాణెం బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. పైన చెప్పిన 25 గ్రాముల అయిదు ఫ్రాంకుల నాణేనికి తూకం 2.42 చూపితే సాంద్రత సుమారు 10.3, అది 90 శాతం వెండికి సరిపోతుంది. అదే 2.8 చూపితే సాంద్రత 8.9 దగ్గర ఆగిపోతుంది, అంటే ఆ నాణెంలో ఉన్నది రాగి, నికెల్ వంటి లోహం తప్ప వెండి కాదు. అయితే సాంద్రత సరిపోయినంత మాత్రాన నాణెం అసలుదని రాయకూడదు, ఎందుకంటే మంచి వెండితోనే చేసిన నకిలీలు ఉన్నాయి. పరీక్షలో తేలిన అంకెను మాత్రం రాయాలి.

భద్రపరచడం

నాణేన్ని శుభ్రం చేయకండి. నేను ఒక పాత రాగి నాణేన్ని లోహపు పాలిష్‌తో తోమి మెరిపించాను. దశాబ్దాల మీద ఏర్పడిన ముదురు గోధుమ రంగు పోయి, దాని బదులు పచ్చి గులాబీ రంగు, భూతద్దంలో వందలాది సన్నని గీతలు మిగిలాయి. ఆ పొర తిరిగి రాదు. రాగి మీద పొడిపొడిగా రాలే ఆకుపచ్చ కిలుము వ్యాపిస్తుంటే మాత్రం ఆ నాణేన్ని మిగిలినవాటికి దూరంగా పెట్టి, తెలిసినవారికి చూపించాలి.

మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు నాణేలకు పెద్ద శత్రువులు. కొన్నేళ్లకు వాటిలోంచి ఊరే పదార్థం నాణెం మీద జిగటగా, ఆకుపచ్చగా పేరుకుంటుంది. దాన్ని స్వచ్ఛమైన అసిటోన్‌లో కొద్దిసేపు ముంచి, రుద్దకుండా ఆరనిచ్చి తొలగించవచ్చు. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో వేరే పదార్థాలు కలుస్తాయి కనుక అది పనికిరాదు. అసిటోన్ సులభంగా అంటుకుంటుంది కాబట్టి గాజు గిన్నెలో, కిటికీ తెరిచి, నిప్పుకు దూరంగా ఈ పని చేయాలి. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర ఉన్న అట్ట హోల్డర్లు మంచివి, కాని వాటి పిన్నులను శ్రావణంతో అణచకపోతే పక్క హోల్డర్లోని నాణేన్ని గీస్తాయి. రబ్బరు బ్యాండ్లలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం పెట్టి, దాన్ని మరచిపోకుండా మారుస్తూ ఉండాలి.

కార్డు నుంచి వ్యాసం దాకా

ప్రతి హోల్డర్ మీద ఒక సంఖ్య, అదే సంఖ్య నోటు పుస్తకంలో ఒక పేజీ మీద ఉండాలి. ఆ పేజీలో చూసినది, చదివినది, ఊహించినది మూడు వేర్వేరు చోట్ల రాయడం అలవాటు చేసుకోండి. ‘అంచు మీద ఉద్దేశపూర్వకంగా కొట్టిన గాట్లు’ అని రాస్తే అందులో చూసినదీ ఊహించినదీ కలిసిపోయాయి. ‘అంచు మీద మూడు గాట్లు, ఒకదానికొకటి సమాన దూరంలో’ అన్నదే చూసినది. పాత స్పానిష్ ఎనిమిది రియాళ్ల వెండి నాణేల మీద చిన్న చిన్న ముద్రలు కనిపిస్తే వాటిని దెబ్బలని కొట్టిపారేయకండి. వెండి మంచిదని పరీక్షించి చైనా వర్తకులు వేసిన గుర్తులవి, ఆ నాణెం ఎంత దూరం ప్రయాణించిందో చెప్పే సాక్ష్యాలు.

ప్రపంచ నాణేలకు కేఎం సంఖ్యలు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. క్రౌజ్, మిష్లర్ అన్న ఇద్దరు కేటలాగు కర్తల పేర్ల నుంచి వచ్చిన సంకేతం అది. మీరు రాసిన నాణేన్ని మరో దేశపు పాఠకుడు పొరపాటు లేకుండా గుర్తించాలంటే ఆ సంఖ్య తప్పక ఇవ్వాలి. నాణెం స్థితిని చెప్పడానికి, 1949లో విలియం షెల్డన్ ఒకే రకపు అమెరికా సెంట్ల కోసం రూపొందించిన 1 నుంచి 70 వరకు గల కొలమానాన్ని నేడు ఇతర నాణేలకూ వాడుతున్నారు. సొంత నాణేనికి సొంతంగా అంకె వేసుకునేటప్పుడు చేయి కొంచెం బిగపట్టడం మంచిది. ప్రూఫ్ అన్నది స్థితి కాదు, ప్రత్యేకంగా మెరుగుపెట్టిన అచ్చులతో చేసే తయారీ పద్ధతి. ఈ రెండింటినీ కలిపి రాయడం తరచూ కనిపించే పొరపాటు.

ఫోటోకు నేరుగా పడే ఫ్లాష్ వద్దు. ఒక పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుతురులో అక్షరాల ఎత్తుపల్లాలు తేలుతాయి. రెండు వైపులతో పాటు అంచునూ తీయండి, పక్కన కొలబద్ద ఉంచండి.

వ్యాసం రాసేటప్పుడు దేశ చరిత్రతో మొదలుపెట్టకండి. పాఠకుడి కంటికి కనిపించే ఒక చిన్న తేడాతో మొదలుపెట్టి చరిత్రలోకి వెళ్లాలి. ఉదాహరణకు ఆరో జార్జి కాలపు బ్రిటిష్ నాణేలు రెండు, 1948, 1949 నాటివి, పక్కపక్కన పెట్టండి. మొదటిదాని మీది లాటిన్ అక్షరాలలో ‘ఇండ్ ఇంప్’ అని ఉంటుంది, రెండోదాని మీద ఉండదు. ‘భారత చక్రవర్తి’ అన్న బిరుదుకు అది సంక్షిప్త రూపం. 1948 జూన్‌లో రాజు ఆ బిరుదును వదులుకున్నట్టు ప్రకటన వెలువడింది, మరుసటి ఏటి నాణేలలో ఆ మాట పోయింది. బొమ్మ అదే, రాజు అదే, బరువు అదే. తీసేసిన ఆ ఆరు ఇంగ్లిషు అక్షరాల చోటు చూపించి ఆగితే, పాఠకుడు మిగిలిన ప్రశ్నలు తనే అడుగుతాడు, మీ వ్యాసం వాటి వెంట నడిస్తే చాలు. నాణెం ఖరీదుతో మొదలయ్యే వ్యాసం ఖరీదు దగ్గరే ఆగిపోతుంది, అందుకే నేను ఖరీదును వ్యాసంలో రాయను. కార్డు మీద మాత్రం రాసుకుంటాను.

భూమిలో దొరికిన పురాతన నాణేల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టడానికి 1970లో యునెస్కో ఒప్పందం కుదిరింది, అనేక దేశాలకు వాటి సొంత చట్టాలూ ఉన్నాయి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని పురాతన నాణేన్ని కొనకపోవడమే మంచిది. దొరికిన చోటును పురావస్తు అధికారులకు తెలపాలి తప్ప వ్యాసంలో వెల్లడించకూడదు, ఎందుకంటే చదివినవారిలో ఒక్కరు గునపంతో వెళ్లినా అక్కడి మట్టి పొరల్లోని సమాచారం శాశ్వతంగా పోతుంది.

మీరు రాసినదాంట్లో తప్పు ఉందని తరువాత తెలిస్తే ఆ పేజీని చింపకండి, తెల్ల సిరాతో కప్పకండి. పాత మాట కనిపించేలా ఒక్క గీతతో కొట్టివేసి, పక్కన సరైన మాట, అది ఎలా తెలిసిందో, ఆనాటి తేదీ రాయండి. నా పుస్తకంలో థాలర్ పేజీలో ‘1780లో ముద్రించినది’ అన్న వాక్యం అలాగే కొట్టివేసి ఉంది, దాని పక్కన ఈకల లెక్క ఉంది.